ముక్కు లారీ నమూనా చెక్కతో ఎలా చేయాలి?

పాత టాటా 1210 నమూనా చేశామని తెచ్చి చూపించేవాళ్లలో శానామంది ముక్కు దగ్గరే దొరికిపోతారు. చక్రాలు బాగుంటాయి, సరుకు నింపే డాలా బాగుంటుంది, రంగులు ధగధగా మెరుస్తుంటాయి. ఎదురుగా పెట్టి చూస్తే మాత్రం లారీ కాదు, సబ్బుపెట్టె. నేను మొదటిసారి చేసింది మా ముసలి డ్రైవరుకు చూపిస్తే, "ఏమప్పా, మన బండికి గవదబిళ్లలు లేచినాయా?" అన్నాడు. ఆ మాట పడ్డాకే సరిగ్గా చేయడం నేర్చుకున్నా.

నేను చెప్పేది 1210 ఎస్‌ఈ గురించి, అద్దం ముందు పొట్టి గుండ్రటి ముక్కు ఉండే బండి. 12 అంటే లోడుతో కలిపి 12 టన్నులు, 10 అంటే 100 హార్స్‌పవర్. మాది ఇప్పటికీ తాడిపత్రి పాలిష్ ఫ్యాక్టరీల నుంచి చుట్టుపక్కల ఊళ్లకు బండలు తోలుతోంది.

కావలసినవి: పొణికి చెక్క, 4 మిల్లీమీటర్ల ప్లైవుడ్, సన్న రంపం, ఉలి, ఆకురాయి, మూడు రకాల గరుకు కాగితం, ఫెవికాల్, కారు షెడ్డుల్లో సొట్టలు పూడ్చడానికి వాడే పట్టీ ముద్ద, గ్రాఫు కాగితం. పొణికి అంటే కొండపల్లి బొమ్మలు చేసే చెక్క. తేలిక, మెత్తన, ఎటు చెక్కినా పెచ్చు లేవదు. టేకుతో చేస్తామనేవాళ్లకు ఓ దండం, ఈనె వెంట ఉలి జారి ముక్కు సగం పోతుంది. ఎర్రచందనం ముక్క ఉంది, దాంతో చేయమని ఒకాయన వచ్చాడు. ఆ ముక్క ఎక్కడిదో చెప్పమంటే మళ్లీ కనబడలేదు. థర్మోకోల్ జోలికి అసలు పోవద్దు. థిన్నర్ కలిపిన రంగు తగిలితే కళ్లముందే కరిగిపోతుంది.

స్కేలు 1:20 మాత్రమే. 1:24 కిట్లు దొరుకుతాయని చెప్తారు. మన ముక్కు లారీకి కిట్టు ఉంటే గదా ఆ గోల! 1:20లో మీటరుకు 5 సెంటీమీటర్లు, 2 సెంటీమీటర్లకు 1 మిల్లీమీటరు, గ్రాఫు కాగితం మీద నేరుగా గీసుకోవచ్చు. మా బండికి ఇరుసు నుంచి ఇరుసుకు 4.2 మీటర్లు, నమూనాలో 21 సెంటీమీటర్లు. 9.00-20 టైరు ఎత్తు మీటరు పైచిల్లర, నమూనాలో 51 మిల్లీమీటర్లు.

కొలతలు ఇంటర్నెట్టులో వెతకొద్దు. అప్పట్లో కంపెనీ ఇచ్చింది చాసిస్, ఇంజను, ముందు మూతి వరకే. క్యాబిన్, డాలా కట్టింది బాడీ షెడ్డువాళ్లు. ఒక షెడ్డు క్యాబిన్ ఇంకో షెడ్డు క్యాబిన్‌లా ఉండదు. ఏ బండి నమూనా చేస్తున్నారో ఆ బండినే కొలవాలి, అదీ లోడు దించాక. లోడు మీద కమాన్ కట్టలు, అంటే ఇరుసుల మీది స్ప్రింగులు, కూర్చుని వెనక భాగం కిందికొస్తుంది. మట్టి నేల వద్దు. నేను లారీలు తూచే కాటా దగ్గర పని లేనప్పుడు బండి ఎక్కించి కొలుస్తా, ఆ ప్లేటంత చదును మన ఊళ్లో ఇంకెక్కడా దొరకదు.

ఇక ముక్కు. ఇక్కడ తొందర పడితే మిగతా అంతా దండగ.

ముందు ఫోన్ పక్కన పెట్టండి. దగ్గర నిలబడి ఫొటో తీస్తే ముక్కు ఉబ్బి, చెవులు వెనక్కి పోతాయి. గవదబిళ్లలు వచ్చేది అక్కడి నుంచే. ఫొటో కావాలంటే ఇరవై అడుగులు వెనక్కి పోయి జూమ్ చేసి తీయండి, అదీ లైట్లూ జాలీ ఎక్కడున్నాయో గుర్తుకోసమే.

వంపు పట్టుకోవడానికి సర్వీసు వైరు లోపలి లావు అల్యూమినియం తీగ తీసుకోండి. ఇనుప తీగ వంచితే తిరిగి లేస్తుంది, ఇది వంచిన చోట ఉంటుంది. బానెట్ నడిమి గీత నుంచి మొదలుపెట్టి ఒక పక్క మడ్‌గార్డు అంచు వరకు అదిమి, కదలకుండా తీసి, ఫ్రిజ్ అట్టపెట్టె మీద పరిచి పెన్సిలుతో గీయాలి. ముందు అంచు నుంచి అద్దం దాకా ప్రతి 10 సెంటీమీటర్లకు ఒక గీత. ఒక పక్కే చాలు. రెండో పక్క కొలిచారంటే ఎప్పటిదో గుద్దుడు తాలూకు సొట్ట కూడా నమూనాలోకి వస్తుంది.

అట్ట మీద 2 సెంటీమీటర్ల గళ్లు గీసి, గడికి గడి గ్రాఫు కాగితం మీదికి దించండి. దాన్ని పోస్టుకార్డు మందం అట్టకు అతికించి, వంపు లోపలి భాగం కోసేస్తే అచ్చు తయారు. ఇది సగం అచ్చే. ఎడమ పక్క చూసుకుని, తిప్పి అదే అచ్చు కుడి పక్క పెడతాం. రెండు చెంపలూ సమానంగా రావడానికి నాకు తెలిసిన దారి ఇదొక్కటే.

చెక్క దిమ్మె ఒకటే పెద్దది తీసుకోవద్దు. రెండు ముక్కలు ఫెవికాల్‌తో అతికించి ఒక రాత్రి బిగించి ఉంచండి. ఆ అతుకే మీ నడిమి గీత. పెన్సిలు గీత రుద్దితే పోతుంది, అతుకు పోదు. చెక్క బాగా ఎండినదై ఉండాలి. పచ్చిది మన ఎండకు రంగు వేశాక పగులుతుంది.

ఉలితో మోటుగా తీసి, ఆకురాయికి మారండి. అచ్చు అంచుకు నీలం చాక్‌పీసు రాసి చెక్క మీద ఆనించి కాస్త జరపండి. నీలం అంటిన చోటే ఎత్తు ఉన్నట్టు, అక్కడే రుద్దాలి. నేనొకసారి చాక్‌పీసు లేక కుంకుమ రాశా. తెల్ల రంగు మూడు పూతలు వేసినా లోపలి నుంచి గులాబీ రంగు తొంగిచూసింది. అచ్చు సరిగ్గా కూర్చోగానే ఆపొద్దు, ఇంకో అర మిల్లీమీటరు ఎక్కువే తీసేయండి. పట్టీ, ప్రైమరు, రంగు కలిసి ఆ లోటు నింపుతాయి. ఇది వినకే ముక్కులు ఉబ్బుతాయి.

రాత్రి లైటు ఆపేసి టార్చి పక్క నుంచి కొట్టి చూడండి. పగలు కనబడని గుంతలన్నీ నీడలై లేస్తాయి. పట్టీ పెట్టి, ఆరనిచ్చి, రుద్ది మళ్లీ చూడండి. నాకు ఇది నాలుగు రాత్రుల పని. ఒక్క రాత్రిలో అయిందంటే మీరు టార్చి సరిగ్గా కొట్టలేదు.

చాసిస్, డాలా, చక్రాలు ప్లైవుడ్‌తో ఎవరైనా చేస్తారు. రంగు మీ ఇష్టం. గుర్తు మాత్రం చూసి పెట్టండి. టెల్కోకూ (ఇప్పటి టాటా మోటార్స్) డైమ్లర్-బెంజ్‌కూ 1954లో కుదిరిన ఒప్పందం 1969తో ముగిసింది. ఆ తర్వాతి బండికి బెంజ్ వాళ్ల మూడు కొమ్మల నక్షత్రం పెడితే నవ్వుతారు. నంబరు కూడా అంతే. అనంతపురంలో 02 సిరీస్‌లో రిజిస్టరైన ముసలి బండి మీద 2019లో వచ్చిన ఏపీ 39 రాసుకొస్తారు!

లోడుకు నల్ల బండ పెచ్చులు వాడండి, ఫ్యాక్టరీల బయట కుప్పలుగా పడి ఉంటాయి. పడుకోబెట్టొద్దు, పెద్ద బండిలో పెట్టినట్టే నిలబెట్టి వాల్చండి. పది పన్నెండు చాలు, ఎక్కువ పెడితే వెనక ఇరుసు వంగుతుంది.