సైన్స్ ఫిక్షన్ బొమ్మలకు కొత్త రంగులు – 4వ పాఠం: కీళ్ల దగ్గర రంగు నిలవాలంటే

కిందటి పాఠంలో బొమ్మను గిన్నెలు తోమే సబ్బుతో కడిగి, ఫ్యాక్టరీలో అచ్చుకు పూసే జిడ్డు వదిలించాం. ఇక రంగు సీసా మూత తీయొచ్చు కదా అంటారేమో, ఇంకొంచెం ఆగండి. హెల్మెట్ మీదా ఛాతీ కవచం మీదా రంగు ఎవరైనా బాగానే వేస్తారు. మోకాలు పదిసార్లు మడిచాక ఎంత రంగు మిగిలిందో చూస్తేనే పనితనం తెలిసేది. అందుకే ఈ పాఠమంతా కీళ్ల గురించే.

కెన్నర్ కంపెనీ 1978లో తెచ్చిన స్టార్ వార్స్ బొమ్మల సైజు 3.75 అంగుళాలు. చాలావాటికి మెడ, రెండు భుజాలు, రెండు తొడలు, అంతే, ఐదే కీళ్లు. ఇప్పటి ఆరంగుళాల బొమ్మల్లో మోచేతులు, మణికట్లు, మోకాళ్లు, చీలమండలు అన్నీ కదులుతాయి. నిలబెట్టుకోవడానికి బాగుంటుంది కానీ రంగు వేసేవాళ్లకు ప్రతి కీలూ ఒక పేచీయే.

కీలులో గుండు, గిన్నె ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, మధ్యలో సందు దాదాపు ఉండదు. ప్రైమర్ (రంగు పట్టుకోవడానికి ముందుగా వేసే పూత), రంగు, వార్నిష్ కలిపి నాలుగైదు పూతలు వేశాక ఆ మందానికి చోటెక్కడ? కాలు కదపగానే గీసుకుపోయి పెచ్చులుగా లేస్తుంది. కాబట్టి రంగు పట్టేంత ప్లాస్టిక్‌ను ముందే అరగదీయాలి.

దానికి ముందు బొమ్మను విడదీయాలి. తుపాకీ, యాంటెన్నా లాంటి సన్నటి భాగాలు వేడికి వంకర పోతాయి, వాటిని ముందే తీసి పక్కన పెట్టండి. మరిగిన నీళ్లు పొయ్యి మీంచి దించి, కీలు మునిగేలా ఒక నిమిషం ఉంచండి. పటకారుతో బయటికి తీసి, గుడ్డతో పట్టుకుని నేరుగా లాగండి. మెలిపెట్టి లాగితే రెండు భాగాలనూ కలిపే లోపలి ప్లాస్టిక్ మేకు విరుగుతుంది. ఊడొచ్చాక చన్నీళ్లలో వేస్తే ఆకారం బిగుసుకుంటుంది.

ఈ బొమ్మల్లో ఎక్కువగా వాడే ప్లాస్టిక్‌లు రెండు: పీవీసీ, ఏబీఎస్. వేడినీళ్లకు మెత్తబడేది పీవీసీ. ఏబీఎస్ మెత్తబడాలంటే 100 డిగ్రీలు దాటాలి, కాబట్టి నీళ్లలో ఎంతసేపు ఉంచినా లాభం లేదు. రెండింటినీ గుర్తుపట్టడం కష్టం కాదు: గోటితో తడితే ఏబీఎస్ టక్కుమంటుంది, పీవీసీ కొంచెం లొంగుతుంది. మోకాలి పక్కన గుండ్రటి పిన్ను తల కనిపిస్తే ఆ కీలు ఊడదీయడానికి చేసింది కాదు. దాన్ని విడదీయకుండా, మడిచీ చాపీ అందినంత మేరే పని చేసుకోండి. కొన్ని బొమ్మల్లో లోపలి మేకులు మైనంలా జారే ప్లాస్టిక్‌తో, అంటే పీఓఎంతో చేస్తారు. దాని మీద ఏ రంగూ పట్టుకోదు. నేనైతే వాటిని ముట్టుకోను.

ఇప్పుడు ఎక్కడ అరగదీయాలో తెలియాలి. కళ్లతో చూస్తే తెలీదు. మోకాలి లోపల తిరిగే చపటా బిళ్లకు రెండు వైపులా మార్కర్‌తో నల్లగా పూయండి. సిరా ఆరాక కాలు తిరిగి బిగించి పదిసార్లు మడిచి, మళ్లీ ఊడదీయండి. కొన్నిచోట్ల సిరా చెక్కుచెదరదు, కొన్నిచోట్ల చంద్రవంకలా చెరిగిపోయి ప్లాస్టిక్ బయటపడుతుంది. రాపిడి ఉన్నది అక్కడే. 400 నంబరు సాండ్ పేపర్‌ను తడిపి ఆ వంక వరకే రుద్దండి, తర్వాత 800తో నునుపు చేయండి. తడిపి రుద్దితే దుమ్ము లేవదు, అయినా మాస్క్ పెట్టుకోవడం మంచిది. మళ్లీ మార్కర్, మళ్లీ పరీక్ష. కీలు మరీ వదులైపోతే గుండుకు యాక్రిలిక్ వార్నిష్ పలచగా పూసి, పూర్తిగా ఆరాకే బిగించండి.

రంగు సంగతికొస్తే, డబ్బాలో వచ్చే స్ప్రే ప్రైమర్‌లు కొన్ని మెత్తటి పీవీసీ మీద ఎన్ని రోజులైనా ఆరకుండా జిగటగా ఉండిపోతాయి. ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచడానికి కలిపే పదార్థాల వల్ల వచ్చే తంటా ఇది. నీళ్లతో కలిసే యాక్రిలిక్ ప్రైమర్‌ను బ్రష్‌తో వేయడం మేలు. ఏదైనా సరే, ముందు పాదం అడుగున కొంచెం పూసి మర్నాడు వేలితో ముట్టుకుని చూడండి. కీళ్ల మీద పూతలు పలచగా వేసి, చివరి పూత తర్వాత 24 గంటలు ఆగండి. బిగించేటప్పుడు గిన్నె భాగాన్ని హెయిర్ డ్రయర్‌తో వేడిచేస్తే గుండు గీసుకోకుండా లోపలికి దిగుతుంది.

ఇంత చేసినా ఎప్పుడో ఒకప్పుడు కొంచెం రంగు పోతుంది. అందుకే బొమ్మను ఎంచుకునేటప్పుడే ఆలోచించాలంటాను. తెల్ల కవచం సైనికుణ్ణి నల్లగా మార్చాలని చాలామందికి సరదా, తీరా మోకాలి మడతలో తెల్లగీత కనిపిస్తుంటే ఏం బాగుంటుంది? నల్లటి ప్లాస్టిక్‌తో పోసిన బొమ్మతో మొదలుపెడితే రంగు పోయినా కంటికి కనపడదు. రోబోలకైతే ఈ బాధే లేదు, కీలు దగ్గర రంగు చెరిగి ముదురు బూడిదరంగు కనిపిస్తే నిజంగా తిరిగి అరిగిన యంత్రంలాగే ఉంటుంది.

వచ్చే పాఠంలో కవచం గాడుల్లోకి ముదురు రంగు పారించడం, స్పాంజితో దెబ్బల మచ్చలు వేయడం చూద్దాం. ఈలోగా పనికిరాని పాత బొమ్మ ఒకటి తీసుకుని, ఒక్క మోకాలికి మార్కర్ పరీక్ష చేసి పెట్టుకోండి. రెండో మోకాలిని అలాగే వదిలేయండి, రెండింటికీ ఒకే రంగు వేసి పోల్చి చూద్దాం.