“ముందు మీ పిల్లలు ఏ మీడియమో చెప్పండి” అంటే ఏం జవాబివ్వాలి

ఆన్‌లైన్‌లో బడి చదువు ఏ భాషలో ఉండాలని ఎవరు మాట మొదలుపెట్టినా కాసేపట్లోనే ఈ ప్రశ్న వచ్చి పడుతుంది: ముందు మీ పిల్లలు ఎక్కడ చదువుతున్నారో చెప్పండి. 2019 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడుల్లో ఇంగ్లీష్ మీడియం కోసం జీవో 81 ఇచ్చినప్పుడు, దాన్ని తప్పుపట్టిన నాయకుల్ని అప్పటి ముఖ్యమంత్రి జగన్ కూడా సభలో ఇదే అడిగారు. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ జీవోని కొట్టేసింది, తర్వాత ప్రభుత్వం కూడా మారింది, ప్రశ్న మాత్రం అలాగే ఉంది. వాదనని వదిలేసి మనిషి మీదికి వెళ్ళడం ఎలా ఉంటుందో, దాన్ని ఎలా ఎదుర్కోవాలో నేర్చుకోడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

మొదట చేయాల్సింది ఒకటే. అవతలివాళ్ళు రాసినదాంట్లోంచి “నువ్వు”, “మీరు”, “మీవాళ్ళు” అన్నవి తీసేసి మళ్ళీ చదవండి. ఏమీ మిగలకపోతే జవాబు అక్కర్లేదు. ఏదైనా మిగిలితే, ఆ మిగిలినదానికి మాత్రమే జవాబివ్వండి.

“మీ పిల్లల్ని కాన్వెంటులో చదివిస్తూ పేదపిల్లలకి తెలుగు చాలంటారా?” అన్నదాంట్లోంచి మీ పిల్లల్ని తీసేయండి. డబ్బున్నవాళ్ళకి దొరికే చదువు లేనివాళ్ళకి దొరకట్లేదు అన్న మాట మిగులుతుంది. ఇది చాలా గట్టి వాదన, దీని వెనక ఎన్నో కుటుంబాల బాధ ఉంది. “పర్సనల్‌గా మాట్లాడుతున్నారు” అని మొహం తిప్పేసుకుంటే జవాబు ఎగ్గొట్టింది మీరే అవుతారు. కాబట్టి ఒక్క వాక్యంలో నిజం చెప్పేయండి: “అవును, మా పిల్లలు ఇంగ్లీష్ మీడియమే.” వెంటనే విషయానికి రండి: “ఆ తేడా పోవాలని నేనూ అంటున్నాను, కానీ అది మీడియం మారిస్తే పోతుందా, లేక ప్రతి బడికీ ఇంగ్లీష్ బాగా చెప్పే టీచర్ని ఇస్తే పోతుందా? 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ కూడా వీలైనంతవరకు మాతృభాషలోనే చెప్పమంటోంది కదా.” సిగరెట్ తాగే డాక్టరు సిగరెట్ మానమని చెప్పినా ఆ సలహా తప్పైపోదు, అలాగే మీ పిల్లల బడి ఏదైనా మీ వాదన తప్పో ఒప్పో దానితో తేలదు.

ఇది రెండు వైపులా జరుగుతోంది. ఇంగ్లీష్ మీడియం కావాలన్నవాళ్ళని తెలుగు ద్రోహులన్నారు, ఇదంతా మతమార్పిడుల కోసమే అని కూడా అన్నారు. కూలికి వెళ్ళే తల్లి తన బిడ్డకి ఇంగ్లీష్ మీడియం ఎందుకు కోరుకుంటోందన్న ప్రశ్నకి అది జవాబా? మీ పక్షంవాళ్ళు ఇలా మాట్లాడినప్పుడు అక్కడే అడ్డు చెప్పండి. అవతలివాళ్ళు మిమ్మల్ని నమ్మడం అక్కడే మొదలవుతుంది.

ఇంకో రకం, మీరు అననిది మీ నోట్లో పెట్టడం. “ఐదో తరగతిదాకా తెలుగులో చెప్పాలి” అని మీరంటే “అంటే పేదవాళ్ళకి ఇంగ్లీషే రాకూడదంటావ్” అని వస్తుంది. కోపంగా పేరాలు రాయకండి. మీరు రాసిన వాక్యాన్నే కాపీ చేసి మళ్ళీ పెట్టి, “నేనన్నది ఇది, ఇందులో మీకు ఎక్కడ అభ్యంతరం?” అని అడగండి. ఇంగ్లీష్‌ని సబ్జెక్టుగా నేర్పడం వేరు, లెక్కలూ సైన్సూ ఇంగ్లీషులో చెప్పడం వేరు అని ఒక్కసారి విడదీసి చెబితే, నిజంగా తెలుసుకోవాలనుకునేవాళ్ళు ఆగి ఆలోచిస్తారు. తెలుగా, ఇంగ్లీషా, ఏదో ఒకటి తేల్చు అని నిలదీసేవాళ్ళకి, ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీష్ ఉన్న పాఠ్యపుస్తకాలు ఆంధ్రలో ఇప్పటికే వచ్చాయని గుర్తుచేయండి.

“మా బావ తెలుగు మీడియంలోనే చదివి అమెరికా వెళ్ళాడు” లాంటివాటికి ఎక్కువ టైం పెట్టకండి. మరి వెళ్ళలేకపోయినవాళ్ళ సంగతి ఏమిటని అడిగితే సరిపోతుంది.

మన తర్కశాస్త్రం చర్చని మూడు రకాలు చేసింది: నిజం తేల్చుకోడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తనకంటూ ఏ పక్షమూ లేకుండా ఎదుటివాడిది కూలగొట్టడానికే చేసేది వితండం. మూడోదాన్ని పట్టుకోవడం తేలికే. “సరే, మీరైతే ఏం చేయమంటారు?” అని అడగండి. రెండుసార్లు అడిగినా సొంత మాట ఒక్కటీ రాకపోతే అక్కడితో ఆపేయొచ్చు.

ఒక జాగ్రత్త. తిట్టు వేరు, తప్పుడు తర్కం వేరు. “నీకు బుర్ర లేదు, ఇదిగో చట్టం ఏమంటుందో చూడు” అన్నవాడు మర్యాద తప్పాడు గానీ, చట్టం చూపించాడు కదా, దాన్ని చదవాల్సిందే. ఒకాయన సొంతంగా కాన్వెంటు నడుపుతున్నారని ఎత్తిచూపడం కూడా ప్రతిసారీ దాడి కాదు. తన అనుభవం ప్రకారం ఫలానా పద్ధతే మంచిదని, తనని నమ్మమని ఆయన అడుగుతుంటే, ఆయనకి అందులో లాభం ఉందన్నది మనం తెలుసుకోవాల్సిన విషయమే. ఎదుటివాళ్ళ తర్కంలో తప్పు దొరికినంత మాత్రాన వాళ్ళు చెప్పిన విషయమే తప్పని కూడా కాదు.

ఇంటిపేరు చూసి కులం అంటగట్టడం, “పెయిడ్ బ్యాచ్” అనడం, అమ్మాయి మాట్లాడితే ఒళ్ళు గురించీ ఇంట్లోవాళ్ళ గురించీ బూతులు రాయడం, ఇవి వాదనలు కావు, వీటిలోంచి ఏదో ఏరి జవాబివ్వాల్సిన పని ఎవరికీ లేదు. బెదిరింపు గానీ బూతు గానీ వస్తే జవాబు ఇవ్వకముందే, వాళ్ళు డిలీట్ చేసేలోపే, పేరూ తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి, ఆ పోస్టు లింకు కూడా దాచిపెట్టుకోండి. తర్వాత రిపోర్ట్ చేసి బ్లాక్ చేయండి. ప్రాణభయం కలిగించేదైనా, ఫొటోలు మార్చి పెట్టినా కేంద్ర ప్రభుత్వ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో గానీ, దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో గానీ ఫిర్యాదు ఇవ్వండి. గ్రూపులో వేరేవాళ్ళ మీద ఇలాంటి దాడి జరుగుతుంటే, మీరు వాళ్ళ వాదనతో ఏకీభవించకపోయినా సరే, “ఇది ఆపండి” అని ఒక్క లైన్ అందరికీ కనిపించేలా రాయండి.