జీఆర్‌ఈ స్కోరు తగ్గితే ముందు చూడాల్సింది మొదటి సెక్షన్

బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ విదేశాల్లో పీజీ సీటు కోసం జీఆర్‌ఈ రాసేవాళ్లు స్కోరు చూసిన రాత్రే మళ్లీ స్లాట్ బుక్ చేసేస్తుంటారు. ఆగండి. రెండు పరీక్షల మధ్య 21 రోజుల గ్యాప్ ఎలాగూ ఉండాలి. ఏ 12 నెలల్లోనైనా ఐదుసార్లకు మించి రాయనివ్వరు. పాత స్కోరు గురించి బెంగ వద్దు, స్కోర్‌సెలెక్ట్‌తో నచ్చిన తేదీదే యూనివర్సిటీలకు పంపుకోవచ్చు.

లెక్కల భాగమైన క్వాంట్‌లో మొదటి సెక్షన్ 12 ప్రశ్నలు, 21 నిమిషాలు. రెండోది 15 ప్రశ్నలు, 26 నిమిషాలు. మొదటిది ఎలా చేశారన్నదాన్ని బట్టే రెండోదాని కఠినత్వం మారుతుంది. మనవాళ్లకు లెక్కలు రాక కాదు, ఇక్కడ తొందరపడటం వల్లే మార్కులు పోతాయి. రెండు విలువల్లో ఏది పెద్దదో తేల్చే క్వాంటిటేటివ్ కంపారిజన్‌లో x సున్నా, రుణసంఖ్య, భిన్నం అయితే ఏమవుతుందో వేసి చూడకుండా జవాబు నొక్కేస్తారు.

ఒక నోటుబుక్కు పెట్టి ప్రతి తప్పు పక్కన కారణం రాయండి: కాన్సెప్ట్ తెలియలేదా, ప్రశ్న సరిగా చదవలేదా, టైమ్ చాలలేదా. రెండోదే ఎక్కువుంటే కొత్త కోచింగ్‌కు డబ్బు కట్టడం దండగ. ఒక ప్రశ్న దగ్గర రెండు నిమిషాలు దాటితే ఏదో ఒకటి పెట్టి, మార్క్ చేసి కదలండి. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఖాళీ వదలొద్దు.

జీఆర్‌ఈ అధికారిక మాక్ పరీక్షలైన పవర్‌ప్రెప్‌లో ఉచిత టెస్టులు రెండే. ఒకటి చివరి వారానికి దాచుకోండి, అసలు పరీక్ష వేళకే రాయండి. ఇంగ్లిష్ భాగమైన వెర్బల్‌కు రోజూ ఒక ప్యాసేజీ చాలు. మారతహళ్లి వైపు ఉంటే సెలవు రోజు స్లాట్ చూసుకోండి. ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్ దాటొచ్చి పరీక్షకు కూర్చోవడం మామూలు కష్టం కాదు.