లవంగ నూనె, నిమ్మగడ్డి నూనె పైరు మీద కొట్టే ముందు ఇది చదవండి

ఈ మధ్య నాకు వచ్చిన ఫొటోలు చూశాక ఇది రాయక తప్పట్లేదు. టమాటా తోట, పురుగు చావడానికి లవంగ నూనె పిచికారీ చేసిన మర్నాడు తీసినవి. తోటంతా మాడలేదు. ప్రతి ట్యాంకూ ఎక్కడ మొదలుపెట్టారో అక్కడ పది పన్నెండు మొక్కల ఆకులు ఉడకబెట్టినట్టు వాలిపోయి అంచులు గోధుమరంగుకి తిరిగాయి, ఆ తర్వాతి మొక్కలన్నీ పచ్చగానే ఉన్నాయి, వాటి మీద పేనుబంక కూడా హాయిగానే ఉంది. ఏం చేశారని అడగక్కర్లేదు. నూనెను నేరుగా నీళ్లలో పోశారు.

గ్లౌజులు, గాలివాటం, కళ్లద్దాలు మీకు తెలిసినవే, వాటి గురించి చెప్పను. నేను చూసినంతలో ఎక్కువమందిని ముంచేది మాత్రం ఈ ఒక్క తప్పే.

కలపడం

సుగంధ తైలం నీళ్లలో కరగదు. నిమ్మగడ్డి, నీలగిరి, నారింజ తొక్క నూనెలు నీటికంటే తేలిక కాబట్టి పైకి తేలతాయి. చాలా స్ప్రేయర్లలో మందు అడుగు నుంచి బయటకు వస్తుంది, అంటే మొదట ఉత్త నీళ్లు, చివరి రెండు లీటర్లలో దాదాపు నూనెంతా. లవంగ నూనె, దాల్చిన నూనె నీటికంటే బరువు, అవి అడుగుకు దిగి మొదటే వచ్చేస్తాయి. ఎటు చూసినా మీరు లెక్కగట్టిన మోతాదు ఒక్క మొక్కకీ సరిగ్గా అందదు. అసలు నష్టం దీని తర్వాత మొదలవుతుంది: ‘పురుగు చావలేదు, డోసు చాలలేదు’ అనుకుని రెండోసారి రెట్టింపు పోస్తారు.

ముందు చిన్న గిన్నెలో నూనె కొలిచి, అందులో ట్వీన్ 80 లాంటి ఎమల్సిఫైయర్ (నూనెను నీళ్లలో కలిసి ఉండేలా చేసేది) వేసి బాగా కలపండి. తర్వాత కొద్దికొద్దిగా నీళ్లు పోస్తూ పాలలా తెల్లబడేదాకా తిప్పండి. అప్పుడే సగం నిండిన ట్యాంకులో పోసి, మిగతా నీళ్లు నింపాలి. సబ్బు నీళ్లతోనూ పని జరుగుతుంది గానీ ఉప్పు నీళ్లయితే సబ్బు విరిగి తెల్లటి తెట్టు కడుతుంది, నూనె మళ్లీ విడిపోతుంది. కలిపిన మందు కాస్త గాజు సీసాలో పోసి అరగంట ఆగి చూడండి. పైన నూనె వలయాలు గానీ, అడుగున బొట్లు గానీ కనిపిస్తే కొట్టొద్దు. ఎమల్సిఫైయర్ కలిపే అమ్మే మందు కొన్నట్టయితే లేబుల్ మీద ఉన్నదే చేయండి, దానికి సొంత ప్రయోగాలు జోడించొద్దు.

మోతాదు

లీటరుకు 5 మిల్లీలీటర్లంటే 0.5 శాతం. 10 మిల్లీలీటర్ల దగ్గరికి వచ్చేసరికే చాలా పైర్లలో లేత ఆకులు మాడతాయి. 2 లేదా 3తో మొదలుపెట్టండి. ‘మొక్కల నుంచి తీసిందే కదా, కాస్త ఎక్కువైతే ఏమవుతుంది’ అనే మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఇదే లవంగ నూనెను, నారింజ తొక్కలోని లిమోనిన్‌ను గాఢత పెంచి కలుపు మందుగా అమ్ముతున్నారు. ఆకు మీది మైనపు పొరను కరిగించి కణాలను చెడగొట్టడమే దాని పని, కలుపో పైరో దానికి అనవసరం.

నాలుగైదు మొక్కల మీద, చిగుళ్లు కూడా తడిసేలా కొట్టి రెండు రోజులు ఆగండి. కొత్త సీసా తెరిస్తే మళ్లీ పరీక్షించాలి, ఎందుకంటే మొక్క రకాన్ని బట్టీ కోసిన కాలాన్ని బట్టీ నూనెలో సరుకు మారిపోతుంది. అగరబత్తులకూ కొవ్వొత్తులకూ వాడే సెంటు నూనె అసలు పనికిరాదు.

ఇక మిగతావి

ఎండలో కొట్టొద్దు. 32 డిగ్రీలు దాటితే ఆ రోజుకి మానేయండి.

బెట్టకు వాడిపోయిన మొక్కకు ముందు నీళ్లు పెట్టండి, అది తేరుకున్నాకే మందు.

గంధకం కొట్టిన తోటలో కనీసం రెండు వారాలు నూనె జోలికి పోవద్దు, రెండూ కలిస్తే ఆకు కాలుతుంది.

తేనెటీగలు తిరుగుతుంటే ఆగండి. తేనెపెట్టెల్లో నల్లుల మీద థైమాల్ (వాము నూనెలో ఉండేదే) వాడతారు కాబట్టి ఈగలకేం కాదనుకుంటారు, మీద పడితే అవీ చస్తాయి.

ఆకు అడుగు తడవాలి. తడిసిన పురుగే చస్తుంది. పేనుబంక, తెల్లదోమ, తామర పురుగుల మీద ఆశ పెట్టుకోవచ్చు, ముదిరిన గొంగళి మీద, కాండంలో దూరినదాని మీద వద్దు.

ఒకటి రెండు రోజుల్లో వాసనతో పాటు మందు పనీ అయిపోతుంది. గుడ్ల నుంచి మళ్లీ పిల్లలు వస్తాయి, చూసుకుని మళ్లీ కొట్టండి. డోసు మాత్రం పెంచొద్దు.

స్ప్రేయర్‌ను ఆ రోజే సబ్బుతో కడగండి. నారింజ నూనెకు రబ్బరు వాషర్లు ఉబ్బిపోతాయి, మరుసటిసారి మందు మీ వీపు మీద కారుతుంది.

కలిపిన మందు రేపటికి దాచొద్దు.

కూల్‌డ్రింకు సీసాలో నీలగిరి నూనె పోయొద్దు. చెంచాడు మింగినా చిన్నపిల్లలకు ఫిట్స్ రావచ్చు.

మళ్లీ చెబుతున్నా, నూనెను నేరుగా నీళ్లలో పోయొద్దు. గట్టిగా ఊపితే కలిసిపోతుందని ఎవరన్నా చెప్పినా పోయొద్దు, ఊపడం ఆపగానే విడిపోతుంది. ‘ఒక్క ట్యాంకే కదా’ అనుకుని కూడా పోయొద్దు.

కొడుతుండగానే ఆకులు వాలడం కనిపిస్తే అక్కడే ఆపి, ఉత్త నీళ్లతో మొక్కల్ని కడిగేయండి. మాడిన ఆకు తిరిగి పచ్చబడదు, కొత్త చిగురు వచ్చేదాకా దాని మీద ఇంకే మందూ కొట్టకండి.