తడబడిన అక్షరాల్లోంచి మాట పట్టుకోవడం ఎలా?

ఆదివారం అనుబంధంలో పదవినోదం పేజీ తీసినవాళ్లను చూస్తుంటాను. ఇచ్చిన ఐదక్షరాలను మనసులోనే అటూ ఇటూ తిప్పుతారు, పైకి గొణుగుతారు, పావుగంట తర్వాత విసుగొచ్చి పేజీ అడుగున తలకిందులుగా అచ్చేసిన జవాబు చూసేస్తారు. ఐదక్షరాలను 120 రకాలుగా పేర్చవచ్చు. ఆరైతే 720. అన్నీ పలికి చూడటం ఎవరివల్లా కాదు, చూడనక్కర్లేదు కూడా. ఏ అక్షరం ఎక్కడ ఉండటానికి వీల్లేదో ముందు తేల్చుకుంటే పని ముప్పాతిక వంతు అయిపోయినట్టే.

కావలసినవి పెన్సిలు, చిత్తుకాగితం. పెన్ను వద్దు. ఫోను అసలే వద్దు, ఎందుకో కింద చెప్తాను. అక్షరాలను వరసగా కాకుండా గుండ్రంగా రాసుకోండి. వరసగా రాస్తే వాళ్లిచ్చిన క్రమమే కంటికి అతుక్కుపోతుంది.

గళ్ల నుడికట్టు (క్రాస్‌వర్డ్) అయితే ఆధారాన్ని, అంటే మాటకిచ్చిన సూచనను, ఇంకోసారి చదవండి. ‘తడబడింది’, ‘చెదిరింది’, ‘కలగాపులగం’ అంటే అక్షరాలు ఎటైనా పోవచ్చు. ‘వెనుదిరిగింది’, ‘తిరగబడింది’ అంటే చివరి నుంచి చదవాలి, అంతే. గడప వెనుదిరిగితే పడగ. నిలువు ఆధారంలో ‘శీర్షాసనం’ కనిపించినా ఇదే లెక్క. ఇంత సులువైనదానికి కూడా అక్షరాలన్నీ కలిపేసి తంటాలు పడేవాళ్లను ఏమనాలి?

మొదలు, చివర తేల్చండి

అక్షరాల్లో అచ్చు ఉంటే, అంటే అ నుంచి ఔ దాకా ఏదైనా ఉంటే, దాన్ని మొదట పెట్టేయండి. తెలుగు మాట మధ్యలో అచ్చు విడిగా నిలబడటం చాలా అరుదు. ఆ ఒక్క పనితో 120 కాస్తా 24 అయిపోతుంది. తర్వాత మొదట రాలేనివాటిని కొట్టేయండి. క్క, ప్ప, ల్ల లాంటి ద్విత్వాలతో మాట మొదలవదు. ణ, ళ లతో మొదలయ్యే మాట రోజువారీ తెలుగులో దొరకదు. వు, వూ, వొ, వోలు తెలుగు మాటల మొదట ఉండవని బాలవ్యాకరణమే చెప్పింది. వుండు, వూరు అని రాసేవాళ్లున్నారు గానీ, పజిల్ కూర్చేవాళ్లు ఉండు, ఊరు అనే తీసుకుంటారు. న్, ల్, ట్ లాంటి పొల్లు విడిగా కనిపిస్తే అది దాదాపు ఎప్పుడూ చివరిదే. సైకిల్ అంటే సై, కి, ల్ అని మూడు గళ్లు.

చివర ఎక్కువగా వచ్చేవి డు, లు, ము, వు, కు, ను, టి. ‘పం, టి, అ, డు, ర’ ఇచ్చారనుకోండి. అ మొదట, డు చివర. మధ్యలో మూడక్షరాలకు మిగిలేది ఆరే అమరికలు. అరటిపండు తినడానికి పట్టినంత సేపు కూడా పట్టదు. ‘పు, వ్వు, ల్లె, మ’ అయితే వ్వు, ల్లె మొదట రావు. మిగిలింది పు, మ. మ పెట్టి చూడండి, మల్లెపువ్వు.

అసలు చిక్కు: అక్షరమే కదలాలి, గుణింతం కదలకూడదు

ఇది నిదానంగా చదవండి. జవాబులు తప్పు పంపేవాళ్లలో చాలామంది బోర్లాపడేది ఇక్కడే.

ఇంగ్లీషు ఆటలకు అలవాటుపడ్డవాళ్లు అచ్చులను, హల్లులను వేరు చేసి ఆలోచిస్తారు. అక్కడ అది చెల్లుతుంది. మనకు గడిలో ఉండేది పూర్తి అక్షరం. దాని గుణింతం, ఒత్తు, సున్న దానితోనే పోతాయి, దానితోనే వస్తాయి. స్త్రీ ఒక్క గడి. స్వాతంత్ర్యం మూడే గళ్లు.

‘న, త, వి’ ఇచ్చి, ఆధారంలో గరుత్మంతుడి తల్లి అన్నారనుకోండి. కళ్లకు ముందు వనిత కనిపిస్తుంది, ఆధారం సగం చదివి తల్లి అంటే ఆడదే కదా అని రాసేస్తారు. చూడండి, వనితలో గుడి న మీద ఉంది. మనకిచ్చిన న మీద ఏమీ లేదు, గుడి ఉన్నది వ మీద. జవాబు వినత. ఇక్కడ వనిత రాస్తే పోయేది ఈ ఒక్క మాటే కాదు, దీన్ని అడ్డంగా కోసే నిలువు మాటలు కూడా పాడవుతాయి. అలాగే ‘గ, డ, ప’ చూసి పగడం అనకండి. అందులో ఉన్నది డం, మీ దగ్గరున్నది డ. సున్నను ఎక్కడినుంచి తెచ్చారు? అందుకే మాట దొరకగానే సంబరపడకుండా కాగితం మీద ఒక్కో అక్షరాన్ని గుణింతంతో సహా పోల్చి కొట్టేయండి. ఒక్కటి మిగిలినా, ఒక్కటి తగ్గినా అది మీ మాట కాదు.

ఫోను వద్దన్నది కూడా ఇందుకే. క్షి మనకు ఒకే అక్షరం. కంప్యూటరు లోపల అది నాలుగు ముక్కలు: క, పొల్లు, ష, గుడి. ఇంగ్లీషు కోసం తయారుచేసిన పరికరానికి తెలుగు ఇస్తే ఈ ముక్కలనే కలిపేస్తుంది. సున్నతో మొదలయ్యే మాటలు, గాల్లో వేలాడే కొమ్ములు బయటికొస్తాయి. పెన్సిలుతో ఈ గోల లేదు.

ఇంకో మెలిక ము. పుస్తకం మూడు గళ్లు, పుస్తకము నాలుగు. అందుకే ము కనిపించగానే చివర పెట్టి చూడటం మంచి అలవాటే, కానీ దానికే కట్టుబడిపోవద్దు. ‘కా, ము, య, గ, న’ తీసుకోండి. ము చివరే అని మొండికేస్తే రాత్రయినా తేలదు. కాయను విడదీస్తే మిగిలినవి ము, గ, న. మునగకాయ.

పొడుగు మాటలకు తోక పట్టుకోవాలి

ఐదు, అంతకు మించి అక్షరాలున్న మాటల్లో సమాసాలే ఎక్కువ. కాయ, పండు, కూర, పొడి, పల్లి, పురం ఉన్నాయేమో ముందు వెతకండి. ఆకు మాత్రం మోసం చేస్తుంది, ఎందుకంటే సంధిలో ఆ మాయమైపోతుంది. ‘వే, కు, రి, పా, క’లో ఆ లేదని వదిలేస్తే కరివేపాకు చేజారుతుంది. పాకు, టాకు, డాకు అని వెతికితే తమలపాకు, అరటాకు, మామిడాకు కూడా చిక్కుతాయి. మీ ఇంట్లో వాడని మాట కావచ్చన్న అనుమానం కూడా పెట్టుకోండి. ‘న, య, ఆ, ప, కా’ దగ్గర సొరకాయ అనే ఇళ్లవాళ్లు ఇరుక్కుపోతారు. ఆనపకాయ తినే ఊళ్లవాళ్లు నవ్వుకుంటూ రాసేస్తారు.

వచ్చిన మాట నిజంగా ఉందా అన్న సందేహం వస్తే ఆంధ్రభారతి వెబ్‌సైటులోని నిఘంటుశోధనలో చూడండి. ఒకేసారి చాలా నిఘంటువుల్లో వెతికి పెడుతుంది. మాట దొరికాక సరిచూసుకోవడానికే సుమా, వెతుక్కోవడానికి కాదు.

పది నిమిషాలైనా తేలకపోతే పక్క ఆధారాలకు వెళ్లండి. అడ్డం, నిలువు కలిసే గడిలో ఒక్క అక్షరం పడితే చాలావరకు దారి కనిపిస్తుంది. ఒకే అక్షరాలకు రెండు మాటలు కుదిరితే, కలప, పలక లాగా, నవల, వలన లాగా, ఏది రాయాలో ఆధారం చెప్తుంది. ఆధారం లేకుండా ఎన్ని మాటలు చేస్తే అన్ని మార్కులనే ఆటైతే రెండూ రాసేయండి.