సముద్రం పక్కన రన్నింగ్, సైక్లింగ్: వాచ్‌లో పేస్ చూసి మోసపోకండి

బీచ్ రోడ్డు ఫ్లాట్‌గా ఉంటుంది, గాలి చల్లగా ఉంటుంది, ఇంకేం కావాలి అనుకుంటాం కదా, నేనూ అలాగే అనుకుని నెట్‌లో దొరికిన ప్లాన్‌లో పేస్ (కిలోమీటర్‌కి ఎన్ని నిమిషాలు) ఎంత రాసుంటే అంత పట్టుకుని మొదటి హాఫ్ మారథాన్ పరిగెత్తా, 15వ కిలోమీటర్ దగ్గర ఫుట్‌పాత్ మీద కూర్చుండిపోయా.

అసలు విలన్ ఎండ కాదు, ఉక్కపోత. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది, గాలిలో తేమ నిండుగా ఉంటే అది ఆరదు, ఊరికే కారిపోతుంది. పైగా తెల్లవారుజామున ఎండ లేకపోయినా తేమ శాతం మామూలుగా అప్పుడే ఎక్కువ. అందుకే వెదర్ యాప్‌లో టెంపరేచర్‌తో పాటు డ్యూ పాయింట్ (గాలిలో ఎంత తేమ ఉందో చెప్పే డిగ్రీల లెక్క) కూడా చూడండి. నా లెక్క ఏంటంటే అది 20 డిగ్రీలు దాటితే పేస్ పట్టించుకోను, పక్కనోడితో మాట్లాడగలుగుతున్నానా లేదా అన్నదే చూస్తా, 24 దాటితే ఇంటర్వెల్స్ (మధ్యమధ్యలో రెస్ట్ తీసుకుంటూ వేగంగా పరిగెత్తే ముక్కలు) మధ్య రెస్ట్ డబుల్. వేరే ఊరి నుంచి రేస్‌కి వచ్చేవాళ్లు కుదిరితే 10 నుంచి 14 రోజుల ముందే వచ్చి మెల్లగా పరిగెత్తండి, ఒంటికి ఆ వేడి అలవాటు పడటానికి దాదాపు అంత టైమ్ పడుతుంది.

నీళ్లు ఎన్ని తాగాలి అని అందరూ అడుగుతారు. గంట రన్‌కి ముందు, తర్వాత బట్టల్లేకుండా బరువు చూసుకోండి, కిలో తగ్గితే సుమారు లీటర్ చెమట పోయినట్టు, మధ్యలో తాగింది కూడా దానికి కలపాలి. అలాగని పోయినదానికంటే ఎక్కువ ఉత్త నీళ్లు పట్టిస్తే రక్తంలో సోడియం పడిపోతుంది, అది డీహైడ్రేషన్ కంటే తక్కువ ప్రమాదమేం కాదు.

ఇక గాలి. పగలు నేల వేడెక్కాక సముద్రం మీంచి గాలి మొదలై మధ్యాహ్నానికి బలపడుతుంది, రాత్రికి మామూలుగా దిశ మారుతుంది. సైకిల్ మీద దీని దెబ్బ బాగా తెలుస్తుంది, ఎందుకంటే గాలిని చీల్చుకుంటూ స్పీడ్ రెట్టింపు చేయాలంటే దానికి దాదాపు 8 రెట్లు పవర్ కావాలి. కాబట్టి వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి ఉండేలా రూట్ పెట్టుకోండి, రివర్స్‌లో పెట్టుకుంటే వెళ్లేటప్పుడు హీరోలా ఫీలవుతారు, తిరిగొచ్చేటప్పుడు ఏడుపొక్కటే తక్కువ. రన్నింగ్‌లో కూడా ఇదేం చిన్న విషయం కాదు, బోస్టన్ మారథాన్ చూడండి, 2011లో వెనకగాలికి జెఫ్రీ ముతాయ్ 2:03:02లో కొట్టాడు, 2018లో వాన, ఎదురుగాలి, విన్నర్ యుకి కవౌచి టైమ్ 2:15:58. కోర్స్ అదే! రేస్‌లో మలుపు తిరిగితే ఎదురుగాలి అని ముందే తెలిస్తే, కొంచెం స్పీడ్ తగ్గినా పర్లేదు, మలుపు ముందే ఏదో ఒక గుంపులో చేరిపోండి, ముందున్నవాళ్లు గాలిని అడ్డుకుంటారు.

ఇసుక గురించి కూడా చెప్పాలి. పొడి ఇసుకలో పరుగుకి గట్టి నేల మీద కంటే దాదాపు 1.6 రెట్లు శక్తి ఖర్చవుతుంది, మడమ కూరుకుపోయి పిక్కలు పట్టేస్తాయి, కొత్తవాళ్లకి వారానికి ఒకసారి 15 నిమిషాలు చాలు. అలలు వెనక్కి తగ్గిన టైమ్ చూసుకుని తడి ఇసుక మీద వెళ్లడం బెటర్. అది సముద్రం వైపు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి వెళ్లిన దారినే వెనక్కి రండి, లేదంటే భారమంతా ఒక కాలి మీదే.

చివరిగా సైకిల్‌కి ఉప్పు. రైడ్ అయిన ప్రతిసారీ మంచినీళ్లు మెల్లగా పోసి కడగండి (ప్రెషర్ పైపు వద్దు, బేరింగ్‌లలోకి నీళ్లు పోతాయి), తుడిచి చైన్‌కి లూబ్ వేయండి. సీట్ పోస్ట్ (సీటుని మోసే గొట్టం) కొన్ని నెలలకోసారి బయటికి తీసి మెటల్ అయితే గ్రీజు, కార్బన్ అయితే కార్బన్ పేస్ట్ (జారకుండా పట్టునిచ్చేది) రాయండి. నాది రెండేళ్లు ముట్టుకోలేదు, అల్యూమినియం పోస్ట్ స్టీల్ ఫ్రేమ్‌లో అతుక్కుపోయింది, ఆఖరికి రంపంతో కోయించాల్సొచ్చింది.