కాన్పు ప్రమాదాన్ని ముందే గుర్తించడం ఎలా?

గర్భం నిర్ధారణ కాగానే ఏఎన్ఎం (ఊరి ఆరోగ్య కార్యకర్త) వద్ద పేరు నమోదు చేయించుకుని, ప్రతి పరీక్షలోనూ రక్తపోటు, హిమోగ్లోబిన్ ఎంతో అడిగి కార్డులో రాయించుకోవాలి. హిమోగ్లోబిన్ 11 గ్రాములకన్నా తగ్గితే రక్తహీనత. 7 కన్నా తగ్గితే ఆసుపత్రిలో చికిత్స తప్పనిసరి, ఎందుకంటే అటువంటి తల్లి కాన్పులో కొద్దిపాటి రక్తస్రావాన్నైనా తట్టుకోలేదు. ఐరన్ మాత్రలను టీ, కాఫీలతో వేసుకోకూడదు.

రక్తపోటు 140/90 చేరినా, అయిదో నెల దాటాక తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, పైకడుపులో నొప్పి కనిపించినా అదే రోజు వైద్యులకు చూపించాలి. ఆలస్యమైతే ఫిట్స్ రావచ్చు.

మునుపు సిజేరియన్ అయినవారు, కవలలను మోస్తున్నవారు, మాయ గర్భసంచిలో ముఖద్వారం వైపు కిందికి ఉన్నవారు, గత కాన్పులో అధిక రక్తస్రావమైనవారు ఆపరేషన్, రక్తం ఎక్కించే సదుపాయాలు ఉన్నచోటే కాన్పుకు ఏర్పాటు చేసుకోవాలి. కుప్పం, పలమనేరు వైపు పల్లెల్లో ఉండేవారు చిత్తూరుకు వెళ్లాలా, తిరుపతి ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రికా, రక్తం ఎవరిస్తారు, 108 ఆలస్యమైతే ఏ వాహనం అన్నవి ఎనిమిదో నెలలోనే వైద్యులతో, ఇంటివారితో మాట్లాడి తేల్చుకోవాలి.

బిడ్డ పుట్టిందన్న సంతోషంలో తల్లిని మరిచిపోయే తొలి 24 గంటలే, నా దృష్టిలో, అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండవలసిన సమయం. గుడ్డలు వెంటవెంటనే తడిసిపోతున్నా, కళ్లు తిరుగుతున్నా క్షణం ఆగకుండా నర్సును పిలవాలి. ఇంటికి వచ్చాక జ్వరం, దుర్వాసనతో కూడిన స్రావం, ఆయాసం, ఒక కాలే వాచి నొప్పిపుట్టడం వంటివి 42 రోజులలో ఎప్పుడు కనిపించినా, బాలింతను బయటికి పంపకూడదన్న పట్టింపు పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.